చేతులమ్మ ఎడమ చెయ్యి

మా సెట్లో నన్ను అటక అంటారు. నా కెమెరా వంటబల్లకు నాలుగడుగుల పైన, అడ్డంగా బిగించిన ఇనప పైపుకు నేలచూపు చూస్తూ వేలాడుతుంది. అది అటకట. దాన్ని కనిపెట్టుకుని ఉండే నేను కూడా అటకేనట. ముప్పయ్యేళ్లు కెమెరా పట్టి, పెళ్లిళ్లు తీసి, వార్తలు తీసి, చివరికి సంపాదించుకున్న బిరుదు ఇది. మొదట్లో ఒళ్లు మండేది, తర్వాత అలవాటైపోయింది. నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుందని మా ఆవిడ అందరికీ గొప్పగా చెబుతుంది. అది నిజమే గాని, నా కోపం పోయాక ఎదుటివాళ్ల దగ్గర ఏం మిగిలిందో నేను ఎప్పుడూ వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఒక్కసారి చూసుకోవలసి వచ్చింది. చేతులమ్మ విషయంలో.

మాది వంటల కార్యక్రమం. రోజూ అరగంట. దాన్ని నడిపే మేడమ్‌కి మంచి నవ్వుంది, మంచి మాటుంది. ఆవిడ నవ్వితే కడుపు నిండినవాడికి కూడా ఆకలేస్తుంది. కాని కత్తి పట్టుకుంటే మాత్రం సెట్లో అందరం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఉల్లిపాయను చెక్కలు చెక్కలుగా నరికి, కళ్లు తుడుచుకుంటూ, "ఎడిటింగ్‌లో చూసుకోండి" అనేది. గుడ్డు కొడితే సగం పెంకు గిన్నెలోనే. ఎడిటింగ్‌లో ఏం చూసుకుంటాం, ఆవిడ మొహమా? అందుకని ముందువైపు కెమెరాలో మేడమ్, పైనుంచి తీసే నా కెమెరాలో ఇంకెవరివో చేతులు అని డైరెక్టరు తేల్చాడు. పైనుంచి తీస్తే బల్ల, గిన్నెలు, మోచేతుల దాకా చేతులు, అంతే కదా కనిపించేది. మేడమ్ వేసుకున్న చొక్కాలాంటిదే వేసి, అలాంటి ఉంగరమే పెడితే చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది?

చేతుల కోసం ఓ పాతికమంది ఆడవాళ్లు వచ్చారు. అందరి చేతా ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్ తరిగించాం. ఒక ఆఫీసు క్యాంటీన్‌లో కూరగాయలు తరిగే ఆవిడ ఒకతె ఆఖర్న వచ్చింది. నలభై దాటని మనిషి, బక్కపలచగా, తల వంచుకుని. ఆవిడ క్యారెట్ మీద కత్తి పెట్టగానే నేను మానిటర్‌కి అతుక్కుపోయాను. తొందర లేదు, తడబాటు లేదు. ముక్కలన్నీ ఒక్క మందాన వరసగా పడుకుంటున్నాయి. డైరెక్టరు, "ఈవిడే" అన్నాడు. అని, మళ్లీ తనే తల పట్టుకున్నాడు. ఆవిడది ఎడమచేతి వాటం. మేడమ్‌ది కుడిచెయ్యి. ముందు నుంచి చూస్తే గరిటె కుడిచేతిలో, పైనుంచి చూస్తే ఎడమచేతిలో ఉంటే జనం ఊరుకుంటారా?

అప్పుడు నేను నా తెలివంతా బయట పెట్టాను. "దానికేముందండీ, బొమ్మ తిప్పేస్తే సరి" అన్నాను. కెమెరాలోనే ఆ ఏర్పాటుంది. ఒక్క మీట నొక్కితే అద్దంలో చూసినట్టు ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. డైరెక్టరు నా భుజం తట్టాడు. ప్రొడక్షన్ మేనేజరు మాత్రం నన్ను పక్కకు తీసుకెళ్లి, "ఈ తిప్పే సంగతి ఆవిడకి చెప్పకండి. తన కోసం కెమెరానే మార్చుకున్నామని తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటుంది" అన్నాడు. నేను తలూపాను. నాకూ అది పెద్ద విషయంగా అనిపించలేదు.

అలా ఆవిడ మాకు చేతులమ్మ అయింది.

తిప్పిన బొమ్మతో పని చెయ్యడానికి కొన్ని పద్ధతులుంటాయి. అక్షరాలున్న సీసా గాని, డబ్బా గాని బల్ల మీద ఉండకూడదు, తిరగబడి కనిపిస్తాయి. కాబట్టి పొద్దున్నే లేబుళ్లన్నీ నానబెట్టి పీకేసేవాళ్లం. మేడమ్ ఉంగరం కుడిచేతికి పెట్టుకుంటుంది కాబట్టి చేతులమ్మ ఎడమచేతికి పెట్టుకోవాలి. ఎందుకని ఆవిడ అడగలేదు. పొద్దున ఏడింటికి వచ్చి, మధ్యాహ్నం పన్నెండు దాకా చేతుల పనంతా చేసి వెళ్లిపోయేది. మేడమ్ రెండింటికి వచ్చేది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది రెండు మూడు సార్లకు మించి ఉండదు. మానిటర్ నా దగ్గర నల్లగుడ్డ ముసుగులో, బల్లకు అవతలివైపు తిరిగి ఉండేది. చేతులమ్మ దాన్ని చూడలేదు, నేను చూపించలేదు.

చెప్పినంత తేలికైన పని కాదది. వంట చేసేటప్పుడు ఎవరైనా గిన్నెలోకి తొంగిచూస్తారు. తొంగిచూస్తే తల నా కెమెరాలో పడుతుంది. అందుకని ఆవిడ బల్లకు దూరంగా నిలబడి, తల వెనక్కి పెట్టి, చేతులు మాత్రం ముందుకు చాపి వండాలి. "తల వెనక్కి" అని నేను రోజుకు వందసార్లు అరిచేవాణ్ని. పన్నెండయ్యేసరికి ఆవిడ నడుం పట్టేసేది. గోడకు వీపు ఆనించి ఒక నిమిషం నిలబడి గాని మెట్లు దిగేది కాదు. షాటు అయ్యాక కూడా మూడు సెకన్లు చేతులు కదపకూడదు, ఎడిటర్‌కి పనికొస్తుంది. ఆ మూడు సెకన్లూ అయ్యాక ఆవిడ కిందనుంచి, "అయిందా అన్నయ్యగారూ?" అనేది. "అయింది, చేతులు తీసెయ్యండి" అనేవాణ్ని నేను. రెండున్నరేళ్లు మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ దాదాపుగా ఇదే.

ఒకరోజు మాత్రం, "ఎక్కడికి తీసెయ్యమంటారు అన్నయ్యగారూ, ఇంట్లో కూడా ఇవే కావాలి" అంది. సెట్టంతా నవ్వారు. నేనూ నవ్వాను.

మంచి మనిషి. పొయ్యి మీద నీళ్లు మరిగితే ఆవిరి నేరుగా నా లెన్సుకే పట్టేది. నేను మానిటర్లో చూసి తిట్టుకునేలోపే ఆవిడ తల ఎత్తకుండానే, "మీ అద్దం తుడుచుకోవాలి అన్నయ్యగారూ" అనేది. నేను నిచ్చెనెక్కి దిగి మోకాళ్లు పట్టుకుని మూలిగితే, ఉడికించిన గుడ్డు ఒకటి పొట్టు తీసి, కాగితంలో చుట్టి, నిచ్చెన మెట్టు మీద పెట్టి వెళ్లేది. నేను దానికి ఎప్పుడైనా సరిగ్గా కృతజ్ఞత చెప్పానా అంటే గుర్తులేదు. తిన్నానన్నది మాత్రం గుర్తుంది.

రెండో ఏడు, సెలవులయ్యాక బళ్లు తెరిచిన రోజుల్లో, ఒక పన్నెండింటివేళ ఆవిడ ఉంగరం తీసి డబ్బాలో పెడుతూ నిలబడిపోయింది. ఆరోజు నాకు ఏమీ బాగాలేదు. సూపు గిన్నె ఆవిరికి నాలుగుసార్లు నిచ్చెన ఎక్కాను. ఎడమ మోకాలు కలుక్కుమంటోంది.

"అన్నయ్యగారూ, ఒక మాట అడగనా? టీవీలో వచ్చేవి నా చేతులేనా?"

నాకు క్షణంలో అర్థమైంది ఆ ప్రశ్న ఎక్కణ్నుంచి వచ్చిందో. బొమ్మ తిప్పుతామమ్మా, అవి మీవే. అంతే చెప్పాలి. అంతే చెబితే సరిపోయేది. నేను నిచ్చెన మడుస్తూ, "మీవో, ఎవరివో నాకేం తెలుసమ్మా. తీసేదాకే నా పని. తర్వాత వాళ్లేం చేసుకుంటారో వాళ్లనే అడగండి" అన్నాను.

"అది కాదండీ. మాకు టీవీ లేదుగా, మా పాప పిన్ని వాళ్లింట్లో చూసిందట. టీవీలో ఆవిడ కుడిచేత్తో తరుగుతోంది, ఉంగరం కూడా కుడిచేతికే ఉంది, నువ్వేమో ఎడమచేత్తో చేస్తావు, అబద్ధం చెప్పావు అంటోంది. బళ్లో అందరికీ చెప్పుకుందట పాపం, అవి మా అమ్మ చేతులని. ఇప్పుడు వాళ్లు ఏడిపిస్తున్నారట."

"పిల్లలన్నాక ఏదో ఒకటి అంటారు" అన్నాను.

ఆవిడ ఉంగరం డబ్బా మూత పెడుతూ, "మధ్యాహ్నం ఇంకెవరో వచ్చి మళ్లీ చేస్తారు కాబోలు లెండి. నాది నమూనా చూసుకోడానికేమో" అంది. తనకు తానే సర్ది చెప్పుకున్నట్టు అంది. నేను విన్నాను. విని, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాను.

ఆ సాయంత్రం మోకాలికి నూనె రాస్తూ మా ఆవిడ అడిగితే జరిగింది చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నూనె గిన్నె ఠక్కున కింద పెట్టింది.

"ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?"

"మేనేజరు చెప్పొద్దన్నాడు."

"ఓహో. మేనేజరు మాట నువ్వు అంత జవదాటవని నాకు ఇన్నాళ్లూ తెలీదే. పొద్దస్తమానం ఆయన్ని తిట్టేది నువ్వు కాదూ? కన్నకూతురి ముందు అబద్ధాలకోరు అనిపించుకుంది ఆ తల్లి. రేపు పొద్దున్నే చెప్పెయ్."

చెబుదామనే అనుకున్నాను. మర్నాడు పనెక్కువైంది. ఆ మర్నాడు మేనేజరు అక్కడే ఉన్నాడు. తర్వాత, ఇన్ని రోజులు ఊరుకుని ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటుందేమోనని నామోషీ. ఆవిడ మళ్లీ అడగలేదు. అడగకపోయేసరికి మరిచిపోయిందనుకున్నాను. నాకు కావలసిందీ అదే.

కాని మనిషి కొంచెం మారింది, ఇప్పుడనిపిస్తోంది. చేతుల మీద జోకులు మానేసింది. ఒక్కోసారి వేళ్లకు సన్నటి గాట్లు కనిపించేవి. మేకప్ చేసే ఆవిడ విసుక్కుంటూ వాటి మీద రంగు పూసేది. "ఇంట్లో పనిలో తెగిందండీ" అనేది చేతులమ్మ. అన్నేళ్లు క్యాంటీన్‌లో తరిగి ఒక్క గాటు పడని చేతులకు ఇప్పుడెందుకు పడుతున్నాయని నాకు అనుమానం రావాలి. పైనుంచి ఆ చేతుల్ని నాకంటే దగ్గరగా చూసినవాళ్లెవరూ లేరు. రాలేదు.

ఎనిమిది నెలలకు ఒక పొద్దున ఆవిడ వస్తూనే మొహం వెలిగిపోతూ ఉంది. "ఈరోజు మీకొకటి చూపిస్తాను అన్నయ్యగారూ" అంది. కేకు ఏమైనా చేసుకొచ్చిందేమో అనుకుని, "ముందు పని కానివ్వండి" అన్నాను. మొదటి షాటు క్యారెట్లు. నేను ముసుగులో తల దూర్చి "రెడీ" అన్నాను.

మానిటర్లో ఉంగరం అటు ఉండాల్సింది ఇటు ఉంది. కత్తి కూడా ఇటే ఉంది. అంటే ఆవిడ కుడిచేత్తో తరుగుతోంది. నెమ్మదిగా, ఒక్కో ముక్కా ఆగి ఆగి, కాని సమానంగానే పడుతున్నాయి. అది నేను తర్వాత గమనించాను. అప్పుడు మాత్రం, ఇంత పని ఉంటే ఈవిడకి ఈ ఆటలేమిటని నెత్తి మీద నిప్పులు పోసినట్టయింది.

"ఏమిటమ్మా ఆ వేషాలు? ఆ చేతికి మార్చండి కత్తి" అని గట్టిగా అరిచాను.

ఆవిడ ఉలిక్కిపడి తల పైకెత్తింది. రెండున్నరేళ్లలో మొదటిసారి ఆవిడ మొహం నా కెమెరాలో పడింది. నోటి చివర నవ్వింకా పోలేదు. కత్తి మాత్రం ఆగలేదు.

ఎడమ బొటనవేలు. ఆస్పత్రిలో కుట్లు వేసి, లోపల వేలిని వంచే నరం తెగిందన్నారు. ఆపరేషన్ చేశారు. బయట బెంచీ మీద ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, నేను పక్కన కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కదా, "అసలు కుడిచేత్తో ఎందుకు మొదలెట్టారమ్మా?" అన్నాను.

"ఎనిమిది నెలలు నేర్చుకున్నాను అన్నయ్యగారూ, ఇంట్లో. నాది ఎడమచెయ్యని కదా నావి తీసేసి వేరే వాళ్లవి వేస్తున్నారు. కుడిచేత్తో చేస్తే నావే ఉంచుతారనుకున్నాను. ఒక్కరోజు వచ్చినా చాలు, పాపకి చూపిద్దామని." కట్టు సర్దుకుంటూ, "షాటు పాడు చేశానా?" అని అడిగింది.

అప్పుడైనా చెప్పాలి కదా. "లేదమ్మా" అని మాత్రం అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏడిస్తే ఎవరికి లాభం?

నెలన్నర తర్వాత కట్టు విప్పారు. వేలు వంగలేదు. మేనేజరు ఆవిడ స్థానంలో ఒక కుడిచేతి అమ్మాయిని పెట్టాడు. కెమెరాలో మీట మళ్లీ మామూలుకు వచ్చింది, లేబుళ్లు పీకే పని తప్పింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఇంట్లో మా ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం లేదు. నాలుగో రోజున, "ఎప్పుడు వెళ్తున్నావ్?" అని ఒక్కటే అంది.

వెళ్లడానికి నాకో వారం పట్టింది. ఎడిటర్ని బతిమాలి పాత ఫైళ్లన్నీ తీసుకున్నాను. టీవీలో వచ్చినవి కాదు, కోతలు పడనివి. షాటు చివర మూడు సెకన్లూ, ఆ తర్వాత వినిపించే మాటలూ అన్నీ ఉన్నవి. వాటిని కూర్చుని ఒక్కొక్కటే మళ్లీ తిప్పి, ఎడమచెయ్యి ఎడమచెయ్యిగానే కనిపించేలా చేశాను. చివరి క్యారెట్ల ఫైలు మాత్రం పక్కన పెట్టేశాను. అది తెరిచే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

వాళ్లిల్లు మూడో అంతస్తు. రెండు గదులు. కిటికీ కింద ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్ల, దాని మీద సగం రాసిన లెక్కల పుస్తకం, పక్కన తరుగుతున్న బీన్స్. ఆవిడ కుడిచేత్తో తరుగుతోంది. ఎడమచెయ్యి బీన్స్‌ను నాలుగు వేళ్లతోనే నొక్కి పట్టుకుంది, బొటనవేలు కర్రలా పక్కకు నిలబడి ఉంది. నన్ను చూసి లేచి, "రండి అన్నయ్యగారూ, మోకాళ్లతో ఇన్ని మెట్లెందుకెక్కారు" అంది. పదేళ్ల పాప నన్ను ఎగాదిగా చూసింది.

నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ చెప్పలేనేమోనని నిలబడే చెప్పాను. "అమ్మా, టీవీలో వచ్చినవన్నీ మీ చేతులే. మొదటిరోజు నుంచీ. వేరే ఎవరూ లేరు. మీది ఎడమచెయ్యి కాబట్టి బొమ్మను అద్దంలోలా తిప్పేవాళ్లం. తిప్పింది నేనే."

ఆవిడకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పాపకి ముందు అర్థమైంది. "సెల్ఫీలోలాగానా?" అంది. అవునన్నాను. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాను.

ఉల్లిపాయలు. ఎడమచేతిలో కత్తి, ఎడమచేతికి ఉంగరం. షాటు అయిపోయి మూడు సెకన్లు చేతులు కదలకుండా ఉన్నాయి. తర్వాత లాప్‌టాప్‌లోంచి, "అయిందా అన్నయ్యగారూ?" అని వినిపించింది. పాప గిరుక్కున తిరిగి వాళ్లమ్మ మొహం చూసింది.

"అమ్మా, నువ్వే."

తర్వాత గుడ్లు. తర్వాత పిండి కలపడం. ప్రతిదాని చివరా అదే గొంతు. పాప ఒక్కోటి చూసి, "ఇదీ నువ్వేనా? ఇదీనా? ఇది నేను పిన్ని వాళ్లింట్లో చూశాను" అంటూనే ఉంది. కాసేపటికి ఆ పిల్ల వాళ్లమ్మ నడుం చుట్టూ చేతులు వేసి, "నేను అబద్ధం అన్నాను కదా" అని మొహం దాచుకుంది. ఆవిడ పాప తల నిమురుతూనే తెర మీంచి చూపు తిప్పలేదు.

"మీరప్పుడు నిచ్చెన మడుస్తున్నారు" అంది నాతో, ఉన్నట్టుండి. "ఆరోజు అడిగానుగా."

"అడిగారమ్మా."

"అప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"మరి?"

మోకాలు నొప్పిగా ఉందని చెప్పనా? మేనేజరు వద్దన్నాడని చెప్పనా? ఆ రెండూ నిజాలే. ఆ వేలు ముందు ఆ రెండూ నిలబడేవి కావు. తల వంచుకున్నాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "ఇంకోసారి పెట్టు" అంది పాపతో.

పాప మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఆవిడ తన ఎడమచేతిని తెర పక్కన బల్ల మీద పెట్టుకుంది. తెర మీద వేళ్లు ఉల్లిపాయ పొర వలుస్తుంటే ఆవిడ వేళ్లు కూడా వాటితోపాటు కదలడం మొదలెట్టాయి. నాలుగు వేళ్లూ కదిలాయి. బొటనవేలు దగ్గర ఆవిడ పెదవి బిగించి, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ ప్రయత్నించింది. పాప చూస్తోంది. నేను చూస్తున్నాను.

షాటు అయిపోయింది. మూడు సెకన్లు. "అయిందా అన్నయ్యగారూ?" అంది లాప్‌టాప్. ఈసారి పాప ఆపలేదు. వెనకాలే నా గొంతు, ఎప్పటిలాగే చిరాగ్గా, "అయింది, చేతులు తీసెయ్యండి" అంది.

ఆవిడ అలవాటుకొద్దీ బల్ల మీంచి చెయ్యి తీసేసింది.